వచ్చే నెల నుంచి నా ధరలు, పనివేళలు, ఇంకొన్ని విషయాలు

నమస్కారం అండీ.

మీ ఆర్డర్లు, అపాయింట్‌మెంట్లు, మెసేజ్‌లు ఫోన్‌లో, కంప్యూటర్‌లో చూసిపెట్టే నా పని పద్ధతి వచ్చే నెల 1వ తేదీ నుంచి మారుతోంది, ధర కూడా మారుతోంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే మొహమాటానికి ఏదో ఒకటి ఒప్పేసుకుంటాను కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ధర. ఇప్పటిదాకా గంటకు 300 రూపాయలు తీసుకున్నాను. ఈ గంటల లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఒక డెంటల్ క్లినిక్ వారి అపాయింట్‌మెంట్ షీటు మొదట్లో పూటంతా పట్టేది. ఫార్ములాలు పెట్టి, రిమైండర్ మెసేజ్‌లు ముందే తయారు చేసి ఉంచాక గంటలోపే అయిపోతోంది. పని బాగుపడింది, నా బిల్లు మాత్రం తగ్గింది! నిదానంగా లాగేవాళ్లకే ఎక్కువ డబ్బు వచ్చే లెక్క మీకూ మంచిది కాదు. అందుకే ఇక నెలవారీ ప్యాకేజీ. ఆర్డర్లు, అపాయింట్‌మెంట్లు, వాట్సాప్ జవాబులు చూసుకోవడానికి నెలకు 7,000. వాటితో పాటు బిల్లులు, సప్లయర్లతో మాట్లాడటం, బాకీలు గుర్తు చేయడం కూడా కావాలంటే 12,000. నా టర్నోవర్ 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, బిల్లు మీద 18 శాతం కలవదు. అలాగే మీకు ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టే జీఎస్టీలో తగ్గించుకునే వీలు) కూడా రాదు, ముందే చెబుతున్నాను.

మీ పని నెలకు నాలుగైదు గంటలు మించకపోతే ఏ ప్యాకేజీ తీసుకోకండి, దండగ. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు, క్విక్ రిప్లైలు (ముందే రాసి ఉంచే జవాబులు), గూగుల్ క్యాలెండర్ ఒకసారి కూర్చుని అమర్చి ఇస్తాను, దానికి 1,500 ఇస్తే చాలు. తర్వాత మీరే చూసుకోవచ్చు. నా కస్టమర్లలో కనీసం ఇద్దరికి ఇదే సరిపోతుందని నా ఉద్దేశం. వాళ్లకు విడిగా కూడా చెబుతాను.

ఇక అసలు విషయం, ఓటీపీలు. ఇకపై మీ బ్యాంకు ఓటీపీ గానీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ గానీ, ఆధార్ ఓటీపీ గానీ నాకు పంపకండి. పంపినా వాడను. "నువ్వు మన మనిషివి కదమ్మా, ఏమవుతుంది" అని చాలామంది అంటారు. ఆ మాట నాకు సంతోషమే. కానీ రేపు ఖాతాలో పదివేలు తేడా వస్తే, ఓటీపీ ఎవరెవరికి తెలుసు అన్న ప్రశ్నకు మొదటి జవాబు నా పేరే. మీకూ ఇబ్బందే. కస్టమరే తన వివరాలు ఇంకొకరికి చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం కస్టమరే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది.

పాస్‌వర్డ్ ఇవ్వకుండా పని ఎలా అంటారా? దారులున్నాయి. జీమెయిల్‌లో డెలిగేట్ అనే సదుపాయం ఉంది. కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి నా మెయిల్ చేర్చితే మీ ఉత్తరాలు చదివి జవాబు ఇవ్వగలను, పాస్‌వర్డ్ మాత్రం మార్చలేను. వాట్సాప్‌ను మీ ఫోన్ కాకుండా ఇంకో నాలుగు పరికరాలకు కలపవచ్చు. నన్ను తీసేయాలనుకుంటే మీ ఫోన్ నుంచే లాగౌట్ చేయండి, నన్ను అడగనక్కర్లేదు. కరెంట్ ఖాతా ఉన్నవాళ్లు బ్యాంకులో అడిగి చూడండి. కొన్ని బ్యాంకులు రెండు లాగిన్లు ఇస్తాయి. నేను చెల్లింపు ఎంట్రీ చేసి పెడతాను, మీరు ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. ఇది మొదటి వారం విసుగ్గానే ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

క్లినిక్‌ల వారికి ఇంకో మాట. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం, పని నాలాంటి వాళ్లకు అప్పగించినా, పేషెంట్ల వివరాల బాధ్యత మీదే. మన మధ్య చెల్లుబాటయ్యే ఒప్పందం కూడా ఉండాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన వాటి అమలుకు 18 నెలల గడువిచ్చారు. గడువు దాకా ఆగకుండా రెండు పేజీల ఒప్పందం పంపుతున్నాను, చదివి సంతకం చేయండి.

అమెరికాలో ఉండి ఇక్కడ అమ్మానాన్నల డాక్టరు అపాయింట్‌మెంట్లు, అద్దె ఇంటి పనులు నాకు అప్పగించిన వారికి: రాత్రి 10 తర్వాత కాల్స్ ఆపేస్తున్నాను. ఉదయం 5.30 నుంచి 7.30 దాకా ఉంటాను. డల్లాస్‌లో సాయంత్రం 7 అయితే తెనాలిలో మర్నాడు ఉదయం 5.30. మీరు ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడుకోవచ్చు. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే సాయంత్రం 7 ఇక్కడ 6.30 అవుతుంది. మా అత్తగారు దీన్ని ఇప్పటికీ "ఫోన్లో ఉద్యోగం" అంటారు. రాత్రి ఫోన్లు తగ్గుతున్నాయని తెలిసి మీ అందరికంటే ఆవిడే ఎక్కువ సంతోషించారు.

ఏఐ ఉండగా నువ్వెందుకు అని ఒకరిద్దరు నవ్వుతూ అడిగారు. ఇంగ్లిష్ మెయిల్ మొదటి ప్రతికి, పొడుగు పత్రాల సారాంశానికి నేనూ వాడతాను. మీ కస్టమర్లకు వెళ్లే తెలుగు మెసేజ్‌లు మాత్రం నేనే రాస్తాను. అది రాసే తెలుగులో "మీ ఆర్డర్ విజయవంతంగా స్వీకరించబడింది" లాంటివి వస్తాయి, మంగళగిరి చీర కొనే ఆవిడకు అలా రాస్తే బాగుండదు. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా వివరాలు అందులో ఎప్పుడూ పెట్టను. అయినా సప్లయరు ఫోన్ ఎత్తకపోతే అతని తమ్ముడికి చేయాలని దానికి ఎలా తెలుస్తుంది?

డబ్బు విషయం మొహమాటం లేకుండా చెప్పేస్తాను. బిల్లు ప్రతి నెలా 1న వస్తుంది, 7లోపు యూపీఐ గానీ బ్యాంకు ద్వారా గానీ పంపండి. ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పోర్టల్) నమోదైన చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. నేను ఉద్యమ్‌లో నమోదయ్యాను. చట్టం చూపించి వసూలు చేసే ఉద్దేశం లేదు, కానీ రెండు నెలలు బాకీ ఉంటే మూడో నెల పని మొదలుపెట్టను. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసేవాళ్లు దాన్ని నా పాన్ మీద సకాలంలో జమ చేయండి. కోసి కట్టకపోతే నా రిటర్న్‌లో ఆ డబ్బు గాలిలో కలిసినట్టే.

నాతో పాటు ఇంకొక అమ్మాయి పనిలో చేరుతోంది, బీకాం చేసింది. మొదటి మూడు నెలలు ఆర్డర్ ఎంట్రీలు, క్యాలెండర్ మాత్రమే చూస్తుంది. మీ పనిని ఆమె ముట్టుకోకూడదనుకుంటే చెప్పండి, నేనే చేస్తాను. ఆదివారాలు, సంక్రాంతి మూడు రోజులు ఇద్దరం ఉండం.

ఏ ప్యాకేజీ కావాలో ఈ నెల 25లోపు ఒక్క మెసేజ్ పెట్టండి. కొనసాగించకూడదనుకునే వారి షీట్లు, పాస్‌వర్డ్ మార్చాల్సిన ఖాతాల జాబితా నెలాఖరుకి పంపి, నా వైపు నుంచి అన్నిటిలో లాగౌట్ అవుతాను.