ఐర్లాండ్‌లో సరిహద్దు దాటే పాలు: మన చర్చ సుంకాల దగ్గరే ఆగకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు,

భారత్, బ్రిటన్ దేశాలు 2025 జులై 24న సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో పాడి ఉత్పత్తులకు సుంకం రాయితీ ఇవ్వకపోవడం మన రైతులకు ఊరట కలిగించే విషయమే. అయితే దానిపై మన దగ్గర జరిగిన చర్చ చాలావరకు సుంకాల శాతాల చుట్టూనే తిరిగింది. కొత్తగా ఒక వాణిజ్య సరిహద్దు ఏర్పడితే పాడి రైతుకూ పాల ప్లాంటుకూ అసలు చిక్కు ఎక్కడ వస్తుందో బ్రిటన్‌లోనే భాగమైన ఉత్తర ఐర్లాండ్ అనుభవం చెబుతుంది. ఇక్కడి పాల పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్న తెలుగువాడిగా ఆ సంగతులను మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఉత్తర ఐర్లాండ్‌లో ఏటా సుమారు 250 కోట్ల లీటర్ల పాలు ఉత్పత్తి అవుతాయి. అందులో దాదాపు మూడో వంతు, అంటే 80 కోట్ల లీటర్ల దాకా, దక్షిణాన ఉన్న ఐర్లాండ్ గణతంత్ర దేశంలోని ప్లాంట్లకు వెళ్లి అక్కడే వెన్నగా, పాలపొడిగా, చీజ్‌గా మారతాయి. పచ్చిక బాగా పెరిగే ఏప్రిల్, మే నెలల్లో పాల దిగుబడి ఒక్కసారిగా ఎక్కువవుతుంది, ఆ పాలన్నీ తీసుకునే సామర్థ్యం ఉత్తరాదిలోని ప్లాంట్లకు లేదు. కావన్ కౌంటీ కేంద్రంగా పనిచేసే లేక్‌ల్యాండ్ డెయిరీస్ వంటి సహకార సంఘాల సభ్యులూ ప్లాంట్లూ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. 1993లో ఐరోపా ఏక విపణి వచ్చాక కస్టమ్స్ తనిఖీలు పోయాయి. ఉత్తర ఐర్లాండ్‌లో దశాబ్దాల హింసకు ముగింపు పలికిన 1998 శాంతి ఒప్పందం తర్వాత సైనిక చెక్‌పోస్టులూ తొలగిపోయాయి. దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దును రెండు వందలకు పైగా రోడ్లు దాటుతాయి. పాల ట్యాంకర్ డ్రైవర్‌కు అది వేరే దేశమన్న స్పృహ కూడా ఉండేది కాదు.

2016 జూన్ 23 ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తీర్పు వచ్చింది. ఉత్తర ఐర్లాండ్ ఓటర్లలో 55.8 శాతం మంది సమాఖ్యలోనే ఉండాలని కోరుకున్నా, ఆ నిర్ణయం వారికీ వర్తించింది. ఏ ఒప్పందమూ లేకుండా విడిపోయి ఉంటే ఉత్తరాది పాలు రాత్రికి రాత్రే పరాయి దేశపు సరుకు అయ్యేవి. వెన్నపై ప్రతి 100 కిలోలకు సుమారు 190 యూరోలు, వెన్న తీసిన పాలపొడిపై దాదాపు 119 యూరోలు ఐరోపా సుంకం పడేది. అయినా సుంకం డబ్బుతో తీరే కష్టం. దానితోపాటు ప్రతి సరుకుకూ పశువైద్యాధికారి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, నిర్దేశిత తనిఖీ కేంద్రం గుండానే బండి వెళ్లాలి, అక్కడ వంతు వచ్చేదాకా ఆగాలి. పాలు అలా ఆగగలిగే సరుకు కాదు.

ప్లాంటు గేటు దగ్గర జరిగే పని చూస్తే ఇది తెలుస్తుంది. రైతు దగ్గరి బల్క్ ట్యాంకులో చల్లబరిచిన పాలను ట్యాంకర్ సాధారణంగా రోజు విడిచి రోజు సేకరిస్తుంది. ప్లాంటుకు చేరేసరికి వాటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మించకూడదని ఐరోపా నిబంధన. ట్యాంకర్ రాగానే ఉష్ణోగ్రత చూసి, నమూనా తీసి, యాంటీబయాటిక్ అవశేషాలు లేవని పరీక్షలో తేలాకే పాలను సైలోలోకి, అంటే ప్లాంటులోని భారీ నిల్వ ట్యాంకులోకి, వదులుతారు. ఆ బండి సరిహద్దులో సగం పూట నిలిచిపోతే అక్కడితో ఆగదు. అది తిరిగి వెళ్లి ఖాళీ చేయాల్సిన రైతుల ట్యాంకులు నిండిపోతాయి. ఈలోగా మళ్లీ పాలు పితికే వేళ అవుతుంది. ఒప్పందం లేకుండా విడిపోతే ఉత్తర ఐర్లాండ్‌లో 45,000 పాడి ఆవులను వధించాల్సి రావచ్చని ప్రభుత్వ వర్గాలు భయపడుతున్నట్లు 2019 జులైలో బీబీసీ వెల్లడించింది. పాడితో బతికే ఏ కుటుంబానికైనా ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మన పల్లెల్లోని వారికి నేను వివరించనక్కర్లేదు.

ఆ విపత్తు తప్పింది. బ్రిటన్ వైదొలగే ఒప్పందంలో భాగంగా 2021 జనవరి నుంచి అమలైన ఉత్తర ఐర్లాండ్ ప్రోటోకాల్, దాన్ని సవరిస్తూ 2023 ఫిబ్రవరిలో కుదిరిన విండ్సర్ ఒప్పందం వల్ల ఉత్తర ఐర్లాండ్ సరుకుల విషయంలో ఐరోపా నిబంధనల కిందే ఉండిపోయింది, పాలు ఎప్పటిలాగే దక్షిణానికి వెళ్తున్నాయి. అయితే సరిహద్దు మాయం కాలేదు. అది ఐరిష్ సముద్రంలోకి, బ్రిటన్ ప్రధాన భూభాగానికీ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్యకు జరిగింది. అటునుంచి, ఉత్తర ఐర్లాండ్‌లోనే అమ్మే సరుకుకు ఉద్దేశించిన సులభ మార్గంలో వచ్చే పాలపై ‘ఈయూకు కాదు’ అన్న లేబుల్ వేయాలి. సొంత దేశంలోనే తమను వేరుచేశారని, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలని కోరే యూనియనిస్టులు పడుతున్న బాధను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇక ప్రధాన భూభాగంలోని చిన్న ఉత్పత్తిదారులకు ఈ రక్షణ కూడా లేదు. ఐరోపా వినియోగదారుకు పంపే 25, 30 పౌండ్ల పెట్టెకు 180 పౌండ్ల ధ్రువపత్రం కావాల్సి వస్తోందని ఇంగ్లండ్‌లోని చెషైర్‌కు చెందిన ఒక చీజ్ తయారీదారు 2021 ఆరంభంలోనే వాపోయారు.

ఇంతగా చర్చకు రాని చిక్కు ఇంకొకటి ఉంది. ఉత్తరాది పాలూ దక్షిణాది పాలూ ఒకే సైలోలో కలిశాక వాటిని ఏ పరీక్షా వేరు చేయలేదు. కాగితం మాత్రం వేరు చేస్తుంది. ఐరోపా సమాఖ్య ఇతర దేశాలతో చేసుకున్న ఒప్పందాల కింద రాయితీ పొందాలంటే పాలు సమాఖ్యలోనే పుట్టి ఉండాలి, ఉత్తర ఐర్లాండ్ పాలను బ్రిటన్ పాలుగా లెక్కిస్తారు. కాబట్టి కలిపిన పాలతో చేసిన వెన్నకో పాలపొడికో ఆ రాయితీ దక్కకపోవచ్చు. పాలను విడివిడిగా సేకరించి నిల్వ చేయాలంటే ట్యాంకర్లు, సైలోలు, రవాణా మార్గాలు అన్నీ రెండింతలు కావాలి. ఆ ఖర్చు చివరికి రైతుకిచ్చే లీటరు ధరలోంచే పోతుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణా జిల్లా పాలు హైదరాబాద్‌కు రావడం ఆగలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆహార భద్రతా ప్రమాణాలు ఒకటే కావడమే అందుకు కారణం. నిబంధనలు వేరైన చోటే గీత గోడ అవుతుంది. మనకూ ఇలాంటి గోడ ఒకటి ఉంది: పశు కణజాలంతో చేసిన దాణా తిన్న పశువుల పాల ఉత్పత్తులు దిగుమతి కాకుండా మన ప్రభుత్వం అడిగే ధ్రువపత్రం. 2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్ నుంచి భారత్ వైదొలగినప్పుడు పాడి రైతుల ఆందోళనలు ప్రముఖంగా వినిపించాయి. ఇకపై జరిగే ప్రతి చర్చలోనూ సుంకాలతోపాటు ఈ ధ్రువపత్రంపైనా ఒత్తిడి వస్తుందని నా అంచనా. మరోవైపు 2025 మే 19న బ్రిటన్, ఐరోపా సమాఖ్య ఆహార, పశు ఆరోగ్య నిబంధనలపై ఉమ్మడి ఒప్పందం కోసం చర్చించడానికి అంగీకరించాయి. అది అమలైతే ఐరిష్ సముద్రంలోని తనిఖీలు చాలావరకు తగ్గుతాయి. బ్రిటన్‌తో వ్యాపారం చేసే మన ఎగుమతిదారులు కూడా ఐరోపా ప్రమాణాలనే చూసుకోవాల్సి రావచ్చు.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల పాల సమాఖ్యలూ పార్లమెంటు సభ్యులూ కేంద్ర వాణిజ్య శాఖను అడగాల్సింది సుంకం ఎంత అన్న ఒక్క ప్రశ్న కాదు. పాలకు ఏ దేశపు పుట్టుక రాస్తారు, ధ్రువపత్రం ఎవరు ఇస్తారు, తనిఖీ ఎక్కడ జరుగుతుంది, ఆలస్యమైతే నష్టం ఎవరిది అన్న వివరాలు ఒప్పందంపై సంతకానికి ముందే పాల సంఘాలకు తెలుగులో అందాలి. ఆ నిబంధనలను రైతులకు అర్థమయ్యేలా మీ వ్యవసాయ పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఉత్తర ఐర్లాండ్