విద్యా విభాగం వార్షిక నివేదిక, 2025: మన పక్క బడి, దానికి వచ్చే ఫెడరల్ డబ్బు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వివరాలు సాంస్కృతిక విభాగం విడిగా పంపుతోంది. ఇది టెక్సస్‌లోని మన శాన్ ఆంటోనియో తెలుగు సంఘం విద్యా విభాగం నివేదిక. ఎప్పటిలాగే తెలుగు బడి తరగతులు నడిచాయి, పిల్లలకు పద్యాల పోటీ పెట్టాం, కాలేజీ అప్లికేషన్ల మీద ఒక శనివారం సమావేశం జరిపాం. మూడూ బాగా జరిగాయి. కానీ ఈ ఏడాది మా సమయం చాలావరకు శాన్ ఆంటోనియో మెడికల్ సెంటర్ దగ్గరున్న ఒక ఎలిమెంటరీ స్కూల్లో గడిచింది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

ఇది పోయిన డిసెంబరు సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఆయన ఇల్లు కొనాలని చూస్తున్నారు. "ఆ ఏరియా స్కూలు టైటిల్ వన్ అటండీ, అటు వెళ్ళొద్దని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. మాలో సగం మంది అవునన్నట్టు తలూపాం. ఎందుకని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటూ, ఇక్కడే పన్నులు కడుతూ, పిల్లల్ని ఇక్కడి ప్రభుత్వ బడులకే పంపుతూ ఆ మాత్రం తెలుసుకోకపోవడం మాకు బాధగా అనిపించింది.

టైటిల్ వన్ అనేది బడికి వేసిన మార్కు కాదు. అక్కడ పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్నారు కాబట్టి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం అదనంగా డబ్బు ఇస్తోందని దాని అర్థం. ఏటా 18 బిలియన్ డాలర్లకు పైగా ఈ పద్దు కింద రాష్ట్రాలకు వెళ్తుంది. దేశంలోని ప్రభుత్వ బడుల్లో సగానికి పైగా ఇది అందుకుంటున్నాయి. లక్ష మంది దాకా పిల్లలున్న, మన చుట్టుపక్కల ప్రభుత్వ బడులను నడిపే నార్త్‌సైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో హెలోటస్ వైపు పెద్ద ఇళ్ళ మధ్య కట్టిన బడులూ ఉన్నాయి, వేరే దేశాల నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలుండే అపార్ట్‌మెంట్ల మధ్య బడులూ ఉన్నాయి. డిస్ట్రిక్ట్ ఒకటే, పన్ను రేటూ ఒకటే. ఇంటి దగ్గర చదివించేవాళ్ళు, ట్యూషన్ పెట్టించేవాళ్ళు మాత్రం అందరు పిల్లలకూ ఒకేలా ఉండరు.

ఈ డబ్బు ఎందుకు అవసరమైందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్ళనక్కర్లేదు. మన ఊరి పడమటి వైపున్న ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్ కథ చాలు. ఇక్కడ బడులకు స్థానికంగా వచ్చే డబ్బు ప్రధానంగా ఇళ్ళు, ఆస్తుల మీద పన్ను నుంచి వస్తుంది. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో వంద డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. నగరంలో అంత ఎక్కువ రేటు ఇంకెక్కడా లేదు. అయినా ఇళ్ళ విలువ తక్కువ కాబట్టి ఒక్కో పిల్లకు స్థానికంగా వచ్చింది 26 డాలర్లు. అదే నగరంలో సంపన్నులుండే అలామో హైట్స్ డిస్ట్రిక్ట్‌లో రేటు 85 సెంట్లే, పిల్లకు వచ్చింది మాత్రం 333 డాలర్లు. రాష్ట్రం ఇద్దరికీ దాదాపు సమానంగానే ఇచ్చింది: 222, 225. ఫెడరల్ డబ్బు దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. ఎడ్జ్‌వుడ్‌కి 108, అలామో హైట్స్‌కి 36. అన్నీ కలిపినా 356 ఒకవైపు, 594 ఒకవైపు. కెల్లీ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో రేకు పని చేసే డెమెట్రియో రోడ్రిగెజ్, తోటి తల్లిదండ్రులతో కలిసి ఇది అన్యాయమని కోర్టుకెళ్ళారు. 1973లో సుప్రీంకోర్టు 5-4తో వాళ్ళకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఈ అంకెలన్నీ ఆ తీర్పులోనివే. ఆ 108 నాకు చాలా పెద్ద అంకెగా కనిపిస్తుంది. ఊరు ఇవ్వగలిగిన దానికి అది నాలుగు రెట్లు.

ఏప్రిల్‌లో మన పిక్నిక్ బ్లూబానెట్ పూల కోసం ఫ్రెడరిక్స్‌బర్గ్ దారిలో పెట్టుకున్నాం కదా. వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, దారిలో స్టోన్‌వాల్ దగ్గర ఆగాం. అక్కడ జంక్షన్ స్కూల్ అని ఒక చిన్న పాత బడి ఉంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నాలుగేళ్ళ వయసులో అక్షరాలు దిద్దింది అక్కడే. టైటిల్ వన్ పుట్టిన 1965 విద్యా చట్టం మీద ఆయన సంతకం పెట్టిందీ అక్కడే, ఏప్రిల్ 11న, తన మొదటి టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. మేం వెళ్ళిన నెలకు సరిగ్గా 60 ఏళ్ళు. జాన్సన్ కాలేజీ రోజుల్లో మనకు దక్షిణాన ఉన్న కొటూలాలో మెక్సికన్ అమెరికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పారు. తిండి లేకుండా బడికొచ్చే పిల్లల్ని అక్కడ చూశారు. మొదటి జీతంతో వాళ్ళకు ఆట సామాన్లు కొన్నారు. కొటూలా మన ఊరి నుంచి గంటన్నర దారి. ఆ రోజు మన పిల్లలు కిటికీ అద్దాలకు ముక్కులు ఆనించి లోపలి బెంచీలను చూస్తుంటే, ఇదంతా మన చుట్టుపక్కల జరిగిన చరిత్రేనని మొదటిసారి అనిపించింది.

ఇక డబ్బు ఎలా వస్తుందో క్లుప్తంగా. ప్రతి డిస్ట్రిక్ట్‌లో పేద పిల్లలు ఎంతమందో సెన్సస్ బ్యూరో ఏటా అంచనా వేస్తుంది. దాన్ని బట్టి నాలుగు సూత్రాల ప్రకారం కేటాయింపు జరుగుతుంది. అది డిస్ట్రిక్ట్‌కి చేరాక ఏ బడికి ఎంత అన్నది చాలాచోట్ల ఉచిత, తగ్గింపు ధర భోజనాల లెక్కను బట్టి తేలుస్తారు. పేదరికం 75 శాతం దాటిన బడులకు ముందు ఇవ్వాలి. 40 శాతం ఉంటే ఆ డబ్బును బడి మొత్తానికి వాడొచ్చు. అంతకన్నా తక్కువుంటే మామూలుగా వెనకబడిన పిల్లల కోసమే వాడాలి. ఇంకో ముఖ్యమైన నియమం ఉంది: ఈ డబ్బు వస్తోంది కదా అని రాష్ట్రం, డిస్ట్రిక్ట్ తాము ఇవ్వాల్సింది తగ్గించుకోకూడదు. ఇది ఉన్నదానికి తోడే గానీ, దానికి బదులు కాదు.

ఈ లెక్కలన్నీ చివరికి బడిలో ఏమవుతున్నాయో, మెడికల్ సెంటర్ దగ్గరున్న ఆ ఎలిమెంటరీ స్కూల్‌కి సోమవారాలు వలంటీర్లుగా వెళ్ళి మేం చూశాం. సగం చంద్రుడి ఆకారంలో ఒక బల్ల. లోపలి వైపు చదువు నేర్పే స్పెషలిస్ట్ టీచరు, బయటి వైపు నలుగురు పిల్లలు. ఆ టీచరు జీతం టైటిల్ వన్ నుంచే వస్తుంది. ఫిబ్రవరిలో ఒక రోజు ఎనిమిదేళ్ళ అఫ్గాన్ పాపకు షిప్, షీప్ తేడా పట్టుబడలేదు. రెంటినీ ఒకేలా పలుకుతోంది. టీచరు గట్టిగా మళ్ళీ మళ్ళీ చెప్పలేదు. అరచేతిలో పట్టే చిన్న అద్దం ఇచ్చి, "నీ పెదవుల్ని చూసుకో" అన్నారు. షీప్ అన్నప్పుడు పెదవులు నవ్వినట్టు పక్కకు సాగుతాయి. పాప అద్దంలో చూసుకుంటూ మూడుసార్లు తప్పు పలికింది, నాలుగోసారి సాగిన పెదవుల్ని చూసి తనే నవ్వేసింది. పక్కనే కార్డులు పట్టుకుని కూర్చున్న మన సభ్యురాలు, "ఇది మన గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడానే కదా" అని ఇంటికొచ్చాక అన్నారు. మేం అక్కడ చేసింది చిన్న పని. కార్డులు చూపించడం, చదువుతుంటే వినడం. ఆ అద్దం ఎప్పుడు ఇవ్వాలో తెలిసినవాళ్ళు చదువుకుని వచ్చిన టీచర్లు. వాళ్ళకు జీతం ఇవ్వాలి. వలంటీర్లు ఉన్నారు కదా అని ఆ పోస్టు తీసేస్తే సరిపోదు. ఈ మాట సంఘం తరఫున గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

ఎందుకంటే పోస్టులు పోవడం మేం కళ్ళారా చూశాం. కోవిడ్ సమయంలో కేంద్రం మూడు విడతల్లో దాదాపు 190 బిలియన్ డాలర్లు బడులకిచ్చింది. ఆ డబ్బుతో చాలాచోట్ల ట్యూటర్లను పెట్టుకున్నారు. 2024 సెప్టెంబరు 30తో ఆ గడువు ముగిసింది. మేం వెళ్ళే బడిలోనూ ఇద్దరు ట్యూటర్లు అలాగే వెళ్ళిపోయారు. ఈ ఏడాది జులై 1న రావాల్సిన ఇంకో 6.8 బిలియన్ల దాకా డబ్బు, అంటే ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు, టీచర్ల శిక్షణకు, బడి తర్వాత నడిచే కార్యక్రమాలకు ఉద్దేశించింది, కేంద్రం ఆపేసింది. పేద పిల్లల లెక్కను బట్టి బడులకొచ్చే ఈ టైటిల్ వన్ డబ్బు అందులో లేదు. నెలాఖరుకు విడుదల చేశారు. కానీ బడి తెరిచే ముందు ఆ మూడు నాలుగు వారాలు అక్కడివాళ్ళు పడ్డ టెన్షన్ మాకు తెలుసు. తమ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండానే ఒక టీచరు ఆగస్టుకి తరగతి గది గోడలకు బొమ్మలు అంటించారు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఆగస్టులో రెండు శనివారాలు ఫారాలు నింపే శిబిరం పెట్టాం. మొదటిది భోజనం ఫారం. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 41,795 డాలర్లు లేదా అంతకన్నా తక్కువైతే 2025-26 బడి సంవత్సరానికి భోజనం ఉచితం. 59,478 దాకా అయితే లంచ్‌కి 40 సెంట్లకు మించి తీసుకోకూడదు. మనవాళ్ళలో గ్యాస్ స్టేషన్లలో, కిరాణా షాపుల్లో పనిచేసేవాళ్ళున్నారు, చదువుకుంటూ కుటుంబాన్ని నడిపేవాళ్ళున్నారు. "నలుగురూ ఏమనుకుంటారో" అని ఫారం పక్కన పెట్టేసినవాళ్ళే ఎక్కువ. అందులో వీసా గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే లేదని టిక్కు పెడితే చాలు. అంతకన్నా ముఖ్యంగా, ఒక్క కుటుంబం ఫారం ఇవ్వకపోతే ఆ బిడ్డ భోజనమే కాదు, ఆ బడి లెక్కలో ఒక అంకె తగ్గుతుంది. పిల్లలందరికీ ఫారాలు లేకుండానే ఉచితంగా పెట్టే బడుల్లో ఈ సంగతి వేరు. అక్కడ ఎస్‌ఎన్‌ఏపీ (పేద కుటుంబాల తిండికి ఇచ్చే ఫెడరల్ సాయం) లాంటి పథకాల జాబితా నుంచి లెక్క నేరుగా వస్తుంది. జులై 4న సంతకమైన కొత్త చట్టంతో శరణార్థి కుటుంబాలు గ్రీన్ కార్డు వచ్చేదాకా ఎస్‌ఎన్‌ఏపీకి దూరమవుతున్నాయి. ఇంట్లో తిండి తగ్గడమే కాదు, బడి లెక్కలోంచీ ఆ పిల్లలు జారిపోయే ప్రమాదం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం మూతపడి నవంబరులో ఎస్‌ఎన్‌ఏపీ ఆలస్యమైనప్పుడు మన సభ్యులు శాన్ ఆంటోనియో ఫుడ్ బ్యాంక్‌కి బియ్యం, పప్పులు చేర్చారు. అడిగిన రెండు రోజుల్లోనే గరాజ్ నిండిపోయింది. అందరికీ కృతజ్ఞతలు.

రెండోది ఇంటి భాష ఫారం, అంటే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో బడికి చెప్పేది. శిబిరానికి వచ్చిన ఒక అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, నెమ్మదిగా చెప్పింది: "ఇంగ్లిష్ అని రాసేశానక్కా. తెలుగు అంటే బాబుని ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకునే పిల్లల తరగతిలో) పడేస్తారట కదా." బాబు వాళ్ళమ్మ చున్నీ పట్టుకుని తెలుగులోనే నీళ్ళడుగుతున్నాడు. టెక్సస్‌లో ఆ ఫారం ఒకసారి రాస్తే మార్చుకోవడం కష్టం. చేరిన రెండు వారాల్లోపు, అదీ ఇంగ్లిష్ పరీక్ష పెట్టకముందే మార్పు అడగాలి. ఆమెకు ఇంకా నాలుగు రోజులు గడువుంది, సోమవారం వెళ్ళి మార్పించుకుంది. ఇంగ్లిష్ సాయం తీసుకోవడం శిక్ష కాదు. వద్దనుకుంటే తల్లిదండ్రులు నిరాకరించవచ్చు కూడా. ఆ పిల్లల కోసం ఫెడరల్ టైటిల్ త్రీ డబ్బూ, రాష్ట్రం విడిగా ఇచ్చేదీ ఉన్నాయి. మన భాష పేరు రాయడానికి మనమే వెనకాడితే, ఆ డబ్బు మన పిల్లల పేరు మీద ఎలా వస్తుంది?

ఈ ఏడాది మమ్మల్ని బాగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి. మన సభ్యుల్లో ఒకరికి ఉద్యోగం పోయింది. అద్దె కట్టలేక భార్యాపిల్లలతో స్నేహితుడి ఇంట్లో ఒక గదిలోకి మారారు. కొత్త చోట పాపను చేర్చడానికి వెళితే స్కూల్ ఆఫీసులో లీజు కాగితం, కరెంటు బిల్లు కావాలన్నారు. రెండూ ఆయన పేరు మీద లేవు. పాప తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంది. ఆయన మాకు ఫోన్ చేసింది పదో రోజున, అదీ మొహమాటపడుతూ. 1987 నాటి మెకినీ-వెంటో చట్టం ప్రకారం ఇల్లు పోయి వేరేవాళ్ళ ఇంట్లో తలదాచుకుంటున్న పిల్లలు కూడా ఇల్లులేని విద్యార్థుల కిందికే వస్తారు. కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి. కావాలంటే పాత బడిలోనే కొనసాగవచ్చు, అక్కడికి రవాణా ఏర్పాటు కూడా అడగవచ్చు. దీనికోసం ప్రతి డిస్ట్రిక్ట్‌లో ఒక బాధ్యుడు ఉండి తీరాలి. ఆ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేశాక మర్నాడే పాప బడిలో ఉంది. మాకు ముందే తెలిసుంటే ఆ తొమ్మిది రోజులు పోయేవి కావు. ఈ సమాచారం ఒక పేజీ తెలుగులో రాసి మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం, దయచేసి దాచుకోండి.

ఖర్చుల వివరాలు కోశాధికారి పట్టికలో ఉన్నాయి. విద్యా విభాగం ఖర్చు ఎక్కువగా పిల్లల పుస్తకాలకూ ఫొటోకాపీలకూ అయింది. టైటిల్ వన్ బడులు ఏటా తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలి, ఆ డబ్బు దేనికి ఖర్చవుతోందో అడిగే హక్కు మనకుంది. వచ్చే ఏడాది మన పిల్లలు చదివే ప్రతి టైటిల్ వన్ బడి సమావేశానికీ కనీసం ఒక సభ్యుడు వెళ్ళేలా చూస్తున్నాం.

జనవరిలో సెలవులయ్యాక సోమవారం బల్ల మళ్ళీ మొదలవుతుంది. ఉద్యోగాల వల్ల ఇద్దరు మానుకుంటున్నారు, కాబట్టి రెండు కుర్చీలు ఖాళీ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి రాగలిగినవాళ్ళు ఇప్పుడే పేరివ్వండి. అద్దం పాప ఈ ఏడాది మూడో తరగతి, ఏప్రిల్‌లో తనకు మొదటి స్టార్ (టెక్సస్ రాష్ట్రం పెట్టే) పరీక్ష.