రంగం నుంచి వచ్చిన కత్తి

ఒరేయ్ సత్తిబాబూ,

ఫొటోలన్నీ అందాయి. అటక మీద ఇన్నేళ్ళు గోనెపట్టాలో పడున్న వస్తువు ఇంత బాగా ఉంటుందనుకోలేదు. కానీ ఒక్క మాట అంటాను, ఏమీ అనుకోకు. అందరిలాగే నువ్వూ అలుగుకి, అంటే కత్తి పదునుండే భాగానికి, పది ఫొటోలు తీసి, పిడిని ఫ్రేమ్ బయటికి నెట్టేశావు. ఈ ఆగ్నేయాసియా కత్తుల్లో సగం జాతకం పిడిలోనే ఉంటుందిరా. మిగతా సగం, పిడీ అలుగూ కలిసే చోట.

ముందు మీ పిన్నిగారి మాట తేల్చేద్దాం. జపాను సైనికుడి దగ్గర మీ తాతగారు లాక్కున్న కత్తి అంటున్నారట. తాతగారు 1938లో బర్మాలో మనవాళ్ళ మీద అల్లర్లు జరిగినప్పుడే రంగం (అదే, రంగూన్) వదిలి, స్టీమరెక్కి కాకినాడలో దిగారని చెప్పింది నువ్వే కదా! జపాను వాళ్ళు రంగూన్‌లో అడుగుపెట్టింది 1942 మార్చిలో. నాలుగేళ్ళు ముందే లాక్కున్నారంటే తాతగారు మామూలు మనిషి కాదు.

లెక్కలు పక్కన పెట్టినా కత్తే చెబుతోంది. జపాను కత్తి పిడి కోలగా, కాస్త నొక్కినట్టు ఉంటుంది. దాని మీద స్టింగ్‌రే చేప తోలు, పైన పట్టీ అల్లిక. అలుగు తోక పిడిలోకి చాలా లోపలిదాకా దిగుతుంది, అది జారిపోకుండా అడ్డంగా ఒక వెదురు చీల దిగ్గొడతారు. చేతికి అడ్డుగా ఇనప బిళ్ళ ఒకటి. మీదానికి ఇవేవీ లేవు. పిడి గొట్టంలా గుండ్రంగా, పొడుగ్గా ఉంది, చేతికి అడ్డు లేదు, పైన వెండి రేకు తొడిగారు. చీల కనబడదు, ఎందుకంటే ఈ రకానికి తోక పొట్టిగా ఉంటుంది. దాన్ని పిడిలో లక్కో, బంకో పోసి బిగిస్తారు. మన ఊళ్ళో కమ్మరి కత్తిపీటకీ కొడవలికీ లక్క పోయడం మనిద్దరం చూసిందే. వీటిని బర్మాలో ‘ధా’ అంటారు, థాయ్ వాళ్ళు ‘దాబ్’ అంటారు.

‘ధా’ అని తేలగానే పని అయిపోయిందనుకోకు, అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. బర్మా వాళ్ళు, షాన్‌లు, కచిన్‌లు, కరెన్‌లు, థాయ్‌లు, లావోలు, అందరి దగ్గరా ఈ కుటుంబం కత్తులే. కచిన్ కత్తిని మాత్రం దూరం నుంచే పట్టేయొచ్చు. దానికి మొన ఉండదు, చివరికి వెళ్ళేకొద్దీ వెడల్పై ఎవరో అడ్డంగా నరికేసినట్టు ఆగిపోతుంది. ఒర కూడా ఒక్క చెక్కే, రెండోవైపు తెరిచే ఉంటుంది, అలుగు బయటికి కనబడుతుంది. తమాషా ఏమిటంటే, కచిన్‌లు మోసే కత్తుల్లో చాలావి కచిన్‌లు చేసినవి కావు. చైనా యున్నాన్‌లో హుసా అనే లోయ ఉంది. అక్కడ అచాంగ్ అనే జాతి కమ్మర్లు తరతరాలుగా కత్తులు కొట్టి చుట్టుపక్కల కొండజాతులందరికీ అమ్ముతారు. ఇటు ఖామ్టీ షాన్ కమ్మర్లకీ ఇదే పని. కమ్మరిది ఒక జాతి, మోసేవాడిది ఇంకో జాతి, వెండి తొడిగిన కంసాలిది మూడో జాతి. ఇప్పుడు చెప్పు, ‘ఇది ఎవరి కత్తి’ అంటే ఎవరి పేరు రాస్తావు? మ్యూజియంలో చీటీ రాసేవాడు మాత్రం ఎక్కడ కొన్నారో ఆ ఊరి పేరు రాసేసి చేతులు దులుపుకుంటాడు. నాకు ఆ చీటీలంటే ఒళ్ళు మండిపోతుంది.

అందుకే నా పద్ధతి ఒకటే. అలుగు ఎక్కడ పుట్టిందో వేరేగా చూడాలి, పిడి ఎక్కడ తొడిగారో వేరేగా చూడాలి. రెండూ ఒకే ఊరివైతే సంతోషం. కాకపోతే అది దొంగ సరుకేమీ కాదు, ఆ కత్తి బతికిన బతుకే అంత.

సుమత్రా కత్తుల్నే తీసుకో. అక్కడి బతాక్ జాతి వాళ్ళ దగ్గర ‘పొడాంగ్’ అని ఒక కత్తి ఉంది. దాని పిడి పైన బిళ్ళ, కింద అడ్డుకమ్మీ, అచ్చం మన తల్వార్ వరసే. అలాంటి పిడులు సుమత్రా ఉత్తర కొనలోని అచే వైపు కూడా కనబడతాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం బట్టల ఓడలు అచేకి, బర్మాలోని పెగూకి వెళ్తూ వస్తూ ఉండేవి కాబట్టి ఇందులో పెద్ద వింతేం లేదు. పిడి చూసి ‘ఇండియా కత్తి’ అని చీటీ రాసినవాడు మాత్రం బోల్తా పడ్డట్టే.

జావా ‘క్రిస్’ అనే బాకు సంగతి ఇంకా గమ్మత్తు. అందులో అలుగుని ముట్టుకోరు, తరాలు గడిచేకొద్దీ పిడీ ఒరా మాత్రం మారుస్తూ పోతారు. సన్నటి తోకకి గుడ్డపేలిక చుట్టి పిడిలోకి నెట్టి తిప్పుతారు, అంతే. తియ్యడం చిటికెలో పని. జావాలో పుట్టిన అలుగు బాలీ వెళ్ళి రాక్షసుడి బొమ్మ పిడి తొడుక్కోవచ్చు. అదే థాయ్‌లాండ్ దక్షిణాన ఉన్న పటానీ చేరితే పొడుగు ముక్కు పిడి వస్తుంది, సులవేసి దీవి బూగీ జాతివాళ్ళకి దొరికితే పిస్తోలు వంపు పిడి వస్తుంది. మధుర దీవిలోనైతే పిడి నిండా పూలూ ఆకులూ చెక్కేస్తారు. పిడి చూసి చెప్పగలిగేది, ఆ క్రిస్ చివరగా ఎవరి నడుముకి వేలాడిందో అంతవరకే.

నేనుండేది హేగ్‌లో కాబట్టి దిపొనెగొరో క్రిస్ గొడవ ఇక్కడ బాగా విన్నాను. 1825 నుంచి 1830 దాకా జావాలో డచ్చి వాళ్ళతో యుద్ధం చేసిన యువరాజు ఆయన. ఆయన క్రిస్ 1831లో డచ్చి రాజు దగ్గరికి చేరింది, రాజు వస్తు సంగ్రహంలో పడింది, 1883లో ఆ సంగ్రహాన్ని మూసేశాక లైడెన్ మ్యూజియంకి వెళ్ళింది. దారిలో ఎక్కడో, ఇది ఎవరిదన్న సంగతి కత్తి నుంచి ఊడిపోయింది. 1984లో వెతకడం మొదలుపెట్టారు. చివరికి పాత ఉత్తరాల సాయంతో ‘ఇదే’ అని తేల్చి 2020 మార్చిలో ఇండోనేషియాకి తిరిగిచ్చారు. అప్పుడు కూడా, ఇది అది కాదేమో అన్న పండితులు ఉన్నారు. రాజుగారి కత్తికే ఇంత తంటా అయితే మన అటక కత్తి ఎంతరా!

ఫిలిప్పీన్స్, బోర్నియో గురించి ఇప్పుడు మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. బోర్నియోలోని దయాక్ తెగల కత్తి ‘మండావ్’ అలుగుకి ఒక పక్క ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండో పక్క లోపలికి గుంట. కుడిచేతివాడి కత్తి ఎడంచేతివాడికి పనికిరాదు. పిడి దుప్పికొమ్ముతో, దాని నిండా మెలికల చెక్కడం, పైన వెంట్రుకల కుచ్చు. అందం అంటే నాకదే.

సరే, మీ కత్తికి వస్తాను. నాలుగో ఫొటోలో అలుగు వెన్ను పక్కన నల్లటి నేల మీద వెండి తీగెతో లతలు, బొమ్మలు, గుండ్రటి అక్షరాలు కనబడుతున్నాయి. ఎగువ బర్మాలో మిందాన్ అనే ఊరు ఈ పనికి పేరు మోసింది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి కమ్మర్లు బుద్ధుడి జాతక కథల బొమ్మలు అలుగు మీద పొదిగేవాళ్ళు. 1885లో బర్మా రాజధాని మండలే ఇంగ్లీషు వాళ్ళ చేతిలో పడ్డాక తెల్లదొరలు వీటిని కానుకలుగా పట్టుకుపోయారు. మీది ఆ బాపతే అని నా నమ్మకం. యుద్ధం చేసిన కత్తి కాదు, దర్జాకి వేలాడదీసిన కత్తి. పిన్నిగారికి మాత్రం నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. పిడి మొదట్లో ఉంగరంలా వెండి పొన్ను ఉంటుంది చూడు, అది అలుగుని తాకే చోట పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటో తియ్యి. పిడి చివర మొగ్గలా ఉందో, చదునుగా ఉందో తియ్యి. ఒర మీద ఎర్ర తాడు చుట్టుంటే విప్పకు. అక్షరాల్లో అంకెలు వెతుకు. బర్మా వాళ్ళ రెండు, మూడు మన పాత తెలుగు ౨, ౩ లాగే ఉంటాయి కాబట్టి నువ్వే పట్టేస్తావు. వచ్చిన సంవత్సరం బర్మా శకంలో ఉంటుంది, దానికి 638 కలుపు. 1252 అని ఉందనుకో, అది 1890.

దేవుడి సాక్షిగా చెబుతున్నా, చింతపండు వేసి తోమకు! ఆ నల్లటి నేల పోతే వెండి తీగె కనబడదు, కత్తి విలువ కూడా సగం పోతుంది. కొంచెం మిషను నూనె గుడ్డకి రాసి అలుగు తుడువు, చాలు. పిడిని ఎండలో పెట్టకు, లక్క మెత్తబడితే అలుగు ఊడొస్తుంది. ఇక, నాకు కొరియర్ చేస్తానన్నావు చూడు, ఆ ఆలోచన మానుకో. నూరేళ్ళు దాటిన ఇలాంటి పాత వస్తువుని ప్రభుత్వమో, అది అనుమతించిన సంస్థో తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది. ఆ అంకెలు నూరేళ్ళ కిందటివని తేలితే నువ్వూ నేనూ ఇద్దరం ఇరుక్కుంటాం.

సంక్రాంతికి వస్తున్నా. ఈలోపు ఆ పొన్ను ఫొటోలు పంపు. తాతగారి రంగం కాగితాలు, ఫొటోలు ఏమైనా ఉన్నాయేమో పిన్నిగారి ట్రంకుపెట్టెలో కూడా ఒకసారి చూడు.

నీ
రామం