కథ కంటే ముందు హెడ్డింగే చేరుతోంది

ఎడిటర్ గారికి నమస్కారం,

కథలు, మెదడు గురించి పేపర్లలో వచ్చేవి వదలకుండా చదువుతాను, చాలావాటిలో కథ వింటే ఫలానా హార్మోన్ రిలీజ్ అవుతుంది కాబట్టి నమ్మేస్తాం అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అసలు సంగతి ఇంకా బాగుంటుందండీ, పైగా పేపర్ నడిపేవాళ్లకే ఎక్కువ పనికొచ్చేది.

ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధనలు చేసే యూరి హాసన్ టీమ్ 2010లో వేసిన పరిశోధనా పత్రం ఒకటుంది. ఒకమ్మాయి మెదడు పనితీరుని కనిపెట్టే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకుని తన జీవితంలో జరిగినదొకటి ప్రాక్టీస్ లేకుండా చెప్పింది, ఆ రికార్డింగ్ వేరేవాళ్లకి వినిపిస్తే వాళ్ల మెదళ్లు కూడా చాలా చోట్ల ఆమె మెదడులాగే స్పందించాయి, కాకపోతే ఎక్కువ చోట్ల కాస్త ఆలస్యంగా. కొన్ని చోట్ల మాత్రం వినేవాళ్లే ముందున్నారు, అంటే ఏం చెప్పబోతోందో బుర్ర ముందే అందుకుంటోంది, ఇది ఎంత ఎక్కువుంటే కథ అంత బాగా అర్థమైంది. రష్యన్ రానివాళ్లకి రష్యన్‌లో చెప్తే ఇదంతా పోయింది. (స్కానర్ చూపించేది రక్తంలో ఆక్సిజన్ మార్పుల్నే, ఆలోచనల్ని కాదు, ఆ మాట కూడా రాస్తే బాగుండు.)

ఇంకోటి 2017లో వచ్చింది, నేను ఉత్తరం రాస్తోంది దీనికోసమే. రాత్రిపూట భార్య ఇంటికి రాలేదని ఒకాయన ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తాడు, అదీ కథ. వినబోయే ముందు కొంతమందికి భార్య నిజంగానే మోసం చేస్తోందని చెప్పారు, మిగతావాళ్లకి ఆయనదే వట్టి అనుమానమని చెప్పారు. తర్వాత విన్నది అందరూ ఒకే కథ, ఒకే గొంతు, అయినా అర్థం చేసుకునే భాగాల్లో రెండు గ్రూపుల మెదళ్లు రెండు రకాలుగా నడిచాయి, ఎవరు ఏ గ్రూపో స్కాన్ చూసి పట్టుకోగలిగేంతగా!

ఇది హెడ్డింగుల మీద చేసిన పరీక్ష కాదు, నిజమే. కానీ వార్త కంటే ముందు మనకి చేరేది హెడ్డింగే కదా. దర్యాప్తు ఇంకా నడుస్తుండగానే "భార్యే చేయించిందా?" అని క్వశ్చన్ మార్క్ పెట్టి వేస్తే కింద ఎంత జాగ్రత్తగా రాసినా చదివేవాళ్లు ప్రతి లైనూ ఆ అనుమానంతోనే చదువుతారు, నాలుగు రోజులాగి లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సవరణ వేస్తే అది ఎంతమంది కంట పడుతుంది చెప్పండి. దయచేసి అలాంటి హెడ్డింగులు ఆపండి, సవరణ వెయ్యాల్సొస్తే తప్పు వచ్చిన పేజీలోనే అంతే సైజులో వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు