మా బస్తీ గర్భిణులకు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మా మహిళా సంఘం తరఫున అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మీరు చేసిన సాయం ఎక్కడ ఎలా పనికొచ్చిందో కూడా చెప్పాలనిపించింది.

ముందుగా ఆటో అన్నలకు. హైదరాబాద్ పేట్లబురుజు సర్కారీ ప్రసూతి ఆసుపత్రిలో చూపించుకోవడానికి పైసా అక్కర్లేదు. కానీ రానుపోను కిరాయి కావాలి, ఆ రోజు కూలీ పోతుంది. అందుకే చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందు ఆగేది చెకప్పే. అది ఆగితే బీపీ పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటపడదు. బీపీతో, కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయకు రక్తం తగ్గి బిడ్డ సరిగా ఎదగకపోవచ్చు. ఇన్ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. మీరు కిరాయి తీసుకోకుండా తిప్పింది అందుకే అంత విలువైనది.

గుడ్లు, కందిపప్పు, పల్లీలు, బెల్లం ఇచ్చిన కిరాణా సేట్లకు. ఇంట్లో డబ్బు తగ్గితే అన్నం తగ్గదు, పప్పు పలచబడుతుంది. గుడ్డు పెద్దపిల్లల పళ్లెంలోకి పోతుంది, తల్లికి చారన్నం మిగులుతుంది. బిడ్డ ఒళ్లు చేసేది చివరి మూడు నెలల్లో. తల్లి పనికి పోలేక ఆదాయం ఆగేదీ అప్పుడే.

రిటైరయిన నర్సమ్మకు ప్రత్యేకంగా. ఐరన్ గోలీలు ఉచితంగానే వస్తాయి, కానీ చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టవు. భోజనమయ్యాక గంటకు నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలని, క్యాల్షియం గోలీకి రెండు గంటల ఎడం ఉండాలని ఆమె గడపగడపకూ తిరిగి చెప్పారు. మలం నల్లగా వస్తే భయపడి మానేస్తారు. అది ఐరన్ వల్లే, ప్రమాదం లేదు. గర్భిణులు వేసుకోవాల్సిన 180 రోజులూ ఆపకూడదు.

అమ్మమ్మలకు, నానమ్మలకు దండాలు. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ. ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పడిపోవచ్చు, పాలు పీల్చే బలం తక్కువగా ఉండొచ్చు. నూనె రుద్ది నలుగు స్నానం చేయించాలని, సాంబ్రాణి వేయాలని మీకు ఎంత ఉన్నా, బరువు పెరిగేదాకా ఆగారు. బిడ్డకు టోపీ, సాక్సులు వేసి, ఒంటి మీద బట్ట లేకుండా తల్లి గుండెల మధ్య నిలువుగా, తల పక్కకు, ముక్కు కనబడేలా గుడ్డతో కట్టడం నేర్చుకున్నారు. అలా రోజుకు కనీసం 8 గంటలు ఉండాలి. తల్లి అలసిపోతే మీరే గుండెలకు కట్టుకున్నారు. పిండిన చనుబాలు రెండు గంటలకోసారి పట్టడానికి పాత ఉగ్గుగిన్నెలు వెతికి, మరిగించి ఇచ్చింది కూడా మీరే.

మిగిలిన పల్లీలు, బెల్లం అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరున్నాయి. ఏడో నెల పడిన వాళ్లు వెళ్లి తీసుకోండి.