సాబిక్ నంబరూ హాల్ నంబరూ

పర్లాకిమిడి,
బుధవారం రాత్రి

చి.సౌ. పద్మకు అమ్మ దీవెనలు.

నిన్న ఫోన్లో నువ్వడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారు, వాళ్ల ముందు డబ్బు మాటలెందుకని ఊరుకున్నాను. అయినా ఫోన్లో చెప్పింది నువ్వు మర్చిపోతావు, రాసిస్తే దాచుకుంటావు.

మీరు కొనబోయే బరంపురం ఇల్లు బాగుందన్నావు. వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుందనీ, పెరట్లో రెండు కొబ్బరిచెట్లున్నాయనీ చెప్పావు. పట్టాలో ప్లాటు నంబరెంతని అడిగితే మాత్రం "అవన్నీ బ్యాంకువాళ్లు చూసుకుంటారులే అమ్మా" అనేశావు. 1998లో మన ఇంటి దస్తావేజు రాయించేటప్పుడు మీ నాన్నగారూ ఇదే అన్నారు. ఆయన నమ్మింది బ్యాంకుని కాదు, దస్తావేజు రాసేవాణ్ని.

ఆ కథ నీకు సగమే తెలుసు. నాన్నగారు పాతపట్నం మనిషి, ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. నేను ఒడియా బడిలో చదివినదాన్ని. నువ్వు చంటిపిల్లవని నన్ను తీసుకెళ్లలేదు. రాసేవాడు గడగడా చదివాడు, ఈయన తలూపారు. సంతకాలు, వేలిముద్రలు అయిపోయాయి. వస్తూ వస్తూ మైసూర్‌పాకు పొట్లం తెచ్చారు. కాగితాలు ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి.

2011లో మేడ వేద్దామని లోనుకు వెళ్తే బయటపడింది. దస్తావేజులో వేసింది సాబిక్ ప్లాటు నంబరు. సాబిక్ అంటే వెనకటి సెటిల్మెంటుది, హాల్ అంటే ఇప్పుడు నడుస్తున్నది. కొత్తగా సర్వే జరిగితే ఖాతా నంబర్లూ ప్లాటు నంబర్లూ మారిపోతాయి. మన నంబరు హాల్ రికార్డులో ఎవరిదో చెరువుగట్టు అయి కూర్చుంది. తహసీలులో మన మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పు) కేసు ఎప్పుడో కొట్టేశారట. పదమూడేళ్లు శిస్తు రసీదు అమ్మినాయన పేరునే వస్తుంటే, కట్టేది మనమేగా అనుకుని ఊరుకున్నాం.

సవరణ దస్తావేజుకి అమ్మినాయన సంతకం కావాలి. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. వారసులు నలుగురు. ముగ్గురు ఊళ్లోనే ఉన్నారు, నాలుగోవాడు సూరత్ మగ్గాల్లో. "నాకేం అవసరం" అన్నాడు. రానూపోనూ రైలు టిక్కెట్లు మనమే కొన్నాం. పైన చేతిలో ఎంత పెట్టారో మీ నాన్నగారు ఇప్పటికీ చెప్పరు. ఆ సవరణ కాగితం మాత్రం నేనే చదివాను, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నిలబడి, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ. వెనకాల క్యూలో వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆ ఇంటి పట్టా తీసి దస్తావేజు ముసాయిదా పక్కన పెట్టుకోవడం. ఖాతా, ప్లాటు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, కిసమ్ (భూమి రకం) చూడు. కిసమ్ ఘరబారి, అంటే ఇంటిస్థలం, అని ఉండాలి. ఇంకా సాగుభూమిగానే ఉంటే అమ్మేవాళ్లచేతే మార్పించమను. పలాస అల్లుడుగారికి ఒడియా అక్షరాలు రావు కాబట్టి పైకి చదివే పని నీదే. విస్తీర్ణం గుంటల్లో చెబితే డిసిమిళ్లలో అడుగు. ఇక్కడ గుంటంటే నాలుగు డిసిమిళ్లు, హైదరాబాదు వైపు రెండున్నర సెంట్లే. డిసిమిల్ అన్నా మన సెంటు అన్నా ఒకటే, ఎకరంలో నూరోవంతు. భూమి కొలిచే అమీన్‌ని పిలిపించి కొలిపించు, కొబ్బరిచెట్లు ఎవరి హద్దులో ఉన్నాయో కూడా తేలుతుంది.

అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు రాసుకుంటే ఇల్లు మనదైనట్టేనా అన్నావు. కాదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లుతుందని 1882 నాటి చట్టంలోనే ఉంది. అగ్రిమెంటు అమ్ముతానన్న మాట మాత్రమే. జీపీఏ (ఒకరి తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) రాయించుకుని కొన్నామనుకోవడమూ అంతే, దానివల్ల హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీ విషయంలో ఇల్లు అమ్మే పెద్దాయన తరఫున కొడుకు జీపీఏతో సంతకం పెడతానంటున్నాడు కదా, అది వేరు, అలా పెట్టొచ్చు. కానీ జీపీఏ ఇచ్చినాయన పోతే మామూలుగా ఆ కాగితమూ ఆయనతోనే పోతుంది. పళ్లు పట్టుకుని ఆ పెద్దాయన్ని చూసి రండి. మంచం మీదున్నా సరే, నోటితో ఒక మాట అనిపించుకోండి. నామోషీ ఏమీ లేదు.

పట్టా ఇంకా సంతకం పెడతానన్న ఆ అబ్బాయి తాతగారి పేరునే ఉందన్నావు, నాకు అసలు గుబులు అక్కడే. ఆ తాతగారికి కూతుళ్లున్నారా? ఆయన స్వార్జితమైతే 1956 నుంచే కూతుళ్లూ వారసులు, ఉమ్మడి ఆస్తయితే 2005 నుంచి కొడుకులతో సమానం. "మా అత్తలు ఏమీ అనరండీ" అంటాడు ఆ అబ్బాయి. అనకపోతే సంతకం పెట్టమనండి. ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసిచ్చే లావాదేవీల సర్టిఫికెట్లో) ఏమీ లేదు కదా అంటావేమో. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. అత్త మనసులో ఉన్న వాటా గానీ, కోర్టులో నడుస్తున్న దావా గానీ అందులో ఉండవు. ముప్ఫై ఏళ్లకు తీయించు, అయినా మన తరఫున ఒక వకీలుని పెట్టుకో. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు డబ్బు భద్రం గురించి.

మీ రాయగడలో చవగ్గా వస్తోందన్న ఆ స్థలం మాట ఇక ఎత్తకండి. ఆ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి మనలాంటివాళ్లు కొనడానికి వీల్లేదు. వేరేవాళ్ల పేరున పెట్టుకునే తెలివితేటలు అసలే వద్దు.

డబ్బు సంగతి. ఇల్లు నీ పేరున పెట్టు. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్లకు 4. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం ఎవరికైనా తప్పదు. ఇంటి ధర 52 లక్షల మీద 52 వేలు మిగులుతుంది. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల ఆదాయపు పన్ను కింద) ధరలోంచి కొనేవాళ్లే పట్టుకుని కట్టాలి, అదీ 52 వేలే. ఆ మాట బేరంలోనే చెప్పేయండి, ఆఖర్న పేచీలొద్దు. కాగితం మీద తక్కువ చూపించి మిగతాది నగదుగా ఇమ్మంటే ఒప్పుకోకండి. ఇలాంటి అడ్వాన్సు 20,000, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని చట్టం, జరిమానా పుచ్చుకున్నవాళ్ల మీదే. ఆ ముక్క చెబితే వాళ్లే తగ్గుతారు.

రిజిస్ట్రేషన్ అవగానే మ్యుటేషన్‌కి పెట్టు. పట్టాలో పేరెక్కితే కొత్తగా హక్కేమీ పుట్టదు, అది దస్తావేజుతోనే వచ్చేసింది. కానీ పాత పేరుంటే ఏం జరుగుతుందో పైన రాశాను.

మన ట్రంకుపెట్టెలో మీ ముత్తాతది ఒక దస్తావేజు ఉంది, 1936కి ముందు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిది. అంతా తెలుగే. ఆ పొలం ఇప్పుడు ఎక్కడుందో, దాని హాల్ నంబరెంతో ఎవరికీ తెలియదు. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆదివారం లోపల పట్టా, దస్తావేజు ముసాయిదా రెండూ ఫొటోలు తీసి పంపు. ముసాయిదా దగ్గరగా తియ్యి, నా కళ్లజోడుకి చిన్న అక్షరాలు ఆనవు. రిజిస్ట్రేషన్ రోజు ఖాయమైతే చెప్పు, ముందురోజే బండెక్కి బరంపురంలో దిగుతాను.

అమ్మ