మిగ్-21 ఆర్డర్లు ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్తే. ఈ మధ్య మా స్కేల్ మోడళ్ల (అసలు విమానాలు, వాహనాలకి కొలత ప్రకారం చేసే చిన్న నమూనాల) షాపుకొచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, అర్ధరాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినవాళ్లు అందరూ అడుగుతున్నది ఒకటే: మిగ్-21 యుద్ధవిమానం మోడల్ చేసి ఇస్తారా, ఎప్పటికిస్తారు, ఎంతవుతుంది? విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఒకేసారి ఇక్కడ చెప్పేస్తున్నా. మిగ్-21 బిల్డ్ ఆర్డర్లు, అంటే కిట్‌లోని ముక్కలు నేనే అతికించి రంగులేసి ఇచ్చేవి, కొత్తవి తీసుకోవడం ఆపేశాను. చేతిలో ఉన్నవన్నీ పూర్తయ్యాకే మళ్లీ మొదలుపెడతా. కిట్లు మాత్రం షాపులో ఉన్నాయి, అమ్ముతూనే ఉంటా, మీరే చేసుకుంటానంటే పక్కన కూర్చుని నేర్పిస్తా కూడా.

ఈ రద్దీకి కారణం మీకు తెలిసిందే. 1963లో మన వాయుసేనలో చేరిన విమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ రోజు టీవీలో చూసినవాళ్లందరికీ ఇంట్లో ఒకటి ఉంటే బాగుణ్ననిపించింది. పైగా మన దగ్గర దుండిగల్, హకీంపేట, బేగంపేట ఉన్నాయి, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. నాన్నగారి షష్టిపూర్తికి కావాలని ఒకరు, మామగారి గదిలో పెట్టాలని ఇంకొకరు. వ్యాపారం చేసుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి అంటారు మీరు. నిజమే, కానీ మిగ్-21 అంటే ఒకటే విమానం కాదు, అక్కడే ఉంది తంటా అంతా.

వాయుసేన వాళ్లు టైప్ 77 అనే ఎఫ్ఎల్ వేరు, టైప్ 96 వేరు, టైప్ 75 అనే బిస్ వేరు, దాన్ని మార్చి తయారుచేసిన బైసన్ వేరు. మొన్నామధ్య ఒక రిటైర్డ్ సార్జెంట్ గారు వచ్చారు, ఎఫ్ఎల్‌ల మీద పనిచేసినాయన. అద్దాల బీరువాలో ఇంకొకరి కోసం చేసిన బిస్ ఉంది, అచ్చం అలాంటిదే కావాలని చేయి చూపిస్తూ దగ్గరికెళ్లి, కళ్లజోడు సర్దుకుని, ముక్కు వంక ఓ క్షణం చూసి, "ఇది మాది కాదు బాబూ, మాదానికి గొట్టం సరిగ్గా మధ్యలో ఉండేది" అన్నారు. ఆయనన్నది పీటో ట్యూబ్ గురించి, అంటే విమానం వేగం కొలవడానికి ముక్కు మీద ముందుకి పొడుచుకొచ్చే సన్నటి కడ్డీ. ఎఫ్ఎల్‌లో అది ముక్కు పైన నడిమధ్యన ఉంటుంది, తర్వాత వచ్చిన రకాల్లో కాస్త కుడివైపుకి జరిగింది. కిట్‌లో అది సూదంత ముక్క. కానీ ఏళ్ల తరబడి రోజూ దాని పక్కనుంచి నడిచిన మనిషికి అది తప్పితే మొత్తం బొమ్మే తప్పు. వీపు కూడా అంతే, ఎఫ్ఎల్‌కి సన్నగా ఉంటుంది, బిస్‌కి బాగా ఉబ్బి ఉంటుంది. ఎఫ్ఎల్ రెక్కల కింద ఒక్కోవైపు ఒక్కో పైలాన్ (బాంబులు, క్షిపణులు తగిలించే కొక్కెం), తర్వాతి వాటికి రెండేసి.

బైసన్ కావాలంటే ఇంకో చిక్కు. బిస్‌కి ముందు అద్దం మూడు ముక్కలుగా, మధ్యలో ఫ్రేములతో ఉంటుంది, బైసన్‌కి ఒకటే వంపు తిరిగిన అద్దం. మామూలు బిస్ కిట్ డబ్బాలో అది రాదు. కొయ్యతోనో రెజిన్‌తోనో దాని ఆకారం చెక్కి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుని వేడిచేసి దాని మీదికి లాగి, చల్లారాక కోసి, అంచులు అరగదీసి అతికించాలి. లాగిన ప్రతిదీ పనికొస్తుందనుకోకండి, కొన్నిటికి సన్నటి గీత పడుతుంది, కొన్ని పల్చబడి ముట్టుకుంటే వంగిపోతాయి. కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడు "మిగ్ అండి, మామూలు మిగ్" అంటే నేనేం చేయలేను. ఏ స్క్వాడ్రన్, ఏ కాలం, వీలైతే తోక నంబర్ చెప్పండి, ఇంట్లో పాత ఫొటో ఏదైనా ఉంటే అంతకంటే మంచిది లేదు.

టైమ్ సంగతి. ప్లాస్టిక్ ముక్కలు అతికించడం పెద్ద పనేం కాదు, ఎడ్యువార్డ్ లాంటి మంచి కంపెనీ కిట్ అయితే ముక్కలు వాటంతటవే కూర్చుంటాయి. అసలు పనంతా ఆ తర్వాతే. రెండు సగాలు కలిసిన చోట గీత కనపడకూడదు, పుట్టీ పెట్టి అరగదీయాలి, అరగదీసినప్పుడు పక్కనున్న ప్యానెల్ లైన్లు (విమానం మీది రేకుల అతుకుల్ని చూపే సన్నటి గీతలు) చెరిగిపోతాయి, వాటిని సూదితో మళ్లీ గీయాలి. ప్రైమర్ కొడితే అంతవరకు దాక్కున్న గీతలన్నీ బయటపడతాయి, మళ్లీ అరగదీత. తర్వాత రంగు, దాని మీద నిగనిగలాడే గ్లాస్ కోటు, దాని మీద డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, నంబర్లు), మళ్లీ కోటు, ఆపైన ప్యానెల్ లైన్లలోకి పల్చటి ముదురు రంగు పారించి పైపైన తుడవడం, చివర్లో మెరుపు లేని మ్యాట్ కోటు. ప్రతి కోటుకీ మధ్య ఆరాలి. ఆరకుండా చేయి పెడితే వేలిముద్ర శాశ్వతం.

ఇక వానాకాలం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్ గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. లాకర్ రంగులో, అంటే నీళ్లతో కాకుండా థిన్నర్‌తో పలచన చేసే రంగులో, ఆ థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆ వేగానికి ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పడుతుంది, అప్పుడు నిగనిగలాడాల్సిన కోటు మీద తెల్లటి పొగలాంటి మసక వచ్చేస్తుంది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో కూడా నీళ్లుంటాయి, ఆ తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే సరిగ్గా రెక్క మధ్యలో టప్‌మని ఒక నీటిచుక్క ఉమ్ముతుంది ఎయిర్‌బ్రష్. గ్లాస్ కోటు సరిగ్గా పడకపోతే డెకాల్ కింద గాలి చేరి, వంచి చూసినప్పుడు వెండిలా మెరుస్తుంది, కాషాయం-తెలుపు-ఆకుపచ్చ చక్రం చుట్టూ ఆ మెరుపు కనిపిస్తే ఇంకేముంది. అందుకే వాన పడే రోజు నేను రంగు కోట్లు కొట్టను. ముక్కలు కోయడం, కాక్‌పిట్ పనులు, అరగదీత లాంటివి చేసుకుంటా. వానాకాలంలో ఆర్డరిచ్చి శ్రావణంలో గృహప్రవేశానికి కావాలంటే కుదరదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

ఇప్పుడు రేట్లు. "విదేశీ సైట్లో ఇంతే ఉంది, మీరేంటి దాదాపు రెట్టింపు చెప్తున్నారు" అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లకి ఇది. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు, పిల్లల బొమ్మలు ఒకే పద్దు కింద, 9503 కింద వస్తాయి. ఆ పద్దు మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి వెళ్లింది, 2023లో 70 అయింది. అది కిట్ ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. ఇక్కడికి చేరేసరికి 1,000 రూపాయలైన కిట్ ఒకప్పుడు సుంకంతో 1,200 అయ్యేది, ఇప్పుడు 1,700, దాని మీద జీఎస్టీ, ఆ తర్వాత నా షాపు అద్దె, కరెంటు, నాలుగు రూపాయలు లాభం. చవక బొమ్మల దిగుమతి తగ్గి మన దగ్గరే తయారవ్వాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను, కానీ 1/48 (అసలు దానిలో 48వ వంతు సైజు) విమానం కిట్లు పోసే అచ్చులు ఇక్కడ ఎన్నున్నాయి చెప్పండి. తమాషా ఏంటంటే కొన్నేళ్లపాటు బ్రిటన్ వాళ్ల ఎయిర్‌ఫిక్స్ కిట్లు కొన్ని మన దేశంలోనే పోసేవాళ్లు, పాత డబ్బాలు ఇంకా మీ దగ్గరుంటే పక్కన "మేడ్ ఇన్ ఇండియా" అని ఉందేమో చూడండి.

బిల్డ్ చార్జీ వేరు. కిట్ ఖరీదుకి దానితో సంబంధం లేదు, అది పూర్తిగా చేతిపని కూలీ. 1/72లో మిగ్ పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు, 1/48లో 30. చిన్నది కాబట్టి తక్కువ తీసుకోండి అంటారు, చిన్నదానికే కళ్లు ఎక్కువ పోతాయి. ఇకనుంచి సగం అడ్వాన్సు, తేదీ మాత్రం రాసివ్వను, ప్రైమర్ పడ్డాక ఒకసారి, డెకాల్స్ అయ్యాక ఒకసారి ఫొటోలు పంపుతా.

లాకర్ రంగులు, స్ప్రే డబ్బాలు కొరియర్‌లో పంపడం మానేశాను. అవి మండే సరుకు, విమానంలో ఎక్కించరు, ఏదో ఒకటి రాసి దాచి పంపండి అని సలహా ఇచ్చేవాళ్లకి ఒక దండం. షాపుకొచ్చి తీసుకెళ్లండి. నీళ్లతో పలచన చేసుకునే వాలెజో రకం అక్రిలిక్‌లు ఎక్కడికైనా పంపుతా, కొత్తవాళ్లకి నిజానికి అవే మంచివి. లాకర్ కొట్టేటప్పుడు కరోనా నాటి గుడ్డ మాస్కు పెట్టుకుంటే లాభం లేదు, ఆవిరిని పట్టే కార్బన్ ఫిల్టర్ మాస్కు కావాలి, అది షాపులో ఉంది, దాని మీద నేను లాభం వేసుకోవట్లేదు. ఇంకో మాట, కాక్‌పిట్ అద్దాలకి ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరికి అద్దం లోపల తెల్లగా మసకబారిపోతుంది, ఆ మసక ఒక పట్టాన పోదు.

మిగ్‌ల గోలలో పడి బళ్ల (సైన్యం వాహనాలు, బస్సుల లాంటి వాటి) పని మానేశారా అని కొందరు అడిగారు. లేదండి, అదే నాకు ఇష్టమైన పని. ఎద్దుమైలారం యుద్ధవాహనాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనాయన ఒకరు సారథ్ అడిగారు, మన దగ్గర తయారైన బీఎంపీ-2, సైనికుల్ని మోసుకెళ్లే సాయుధ వాహనం అన్నమాట. 1/35లో 19 సెంటీమీటర్లు వస్తుంది, కిట్ రష్యన్ బండిదే, మన సైన్యం రంగులు, నంబర్లు మాత్రం నేనే వేయాలి. దానికి బురద పెట్టడంలో ఉన్న ఆనందం నాకు ఏ విమానంలోనూ రాదు, పిగ్మెంట్ పొడి, కాస్త ప్లాస్టర్, చక్రాల చుట్టూ తడిగా ఉన్నట్టు మెరిసే వార్నిష్ చుక్క, మన రేగడి మట్టి రంగు కలిసేదాకా పొద్దే తెలియదు.

ఇంకొకటి ఆర్టీసీ ఎర్ర బస్సు. డ్రైవర్‌గా చేసిన నాన్న కోసం కొడుకు చేయించుకుంటున్నాడు. దానికి నాకు దొరికే కిట్టేమీ లేదు, మొత్తం ప్లాస్టిక్ షీటు కోసి చేస్తున్నా, కిటికీలకి అడ్డకడ్డీలు, వెనక నిచ్చెన, పైన లగేజీ క్యారియర్, అన్నీ. అన్నిటికంటే ఏడిపించింది అక్షరాలు. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు కావాలి, మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు, కాబట్టి ఊరి పేరు స్టిక్కర్ మీద కత్తిరించి, దాన్ని అతికించి, తెలుపు చల్లి, పీకేయాలి. తెలుగు ఒత్తులు, గుడిదీర్ఘాలు అంత చిన్న సైజులో కోయడం ఎంత కష్టమో ఒక్కసారి "శ్రీశైలం" కోసి చూడండి, తెలుస్తుంది.

ఆదివారం పొద్దున షాపు వెనక బల్ల ఖాళీగానే ఉంటుంది, సగంలో ఆపేసిన కిట్ ఉంటే పట్టుకురండి, ముక్కలు కోసే నిప్పర్, అరగదీసే ఫైలు, ప్లాస్టిక్ అతికించే పల్చటి సిమెంటు నా దగ్గరున్నవి వాడుకోండి. మొదటిసారి అయితే 1/72లో ఒకే ఇంజన్ ఉన్న విమానం తీసుకోండి, ఖరీదైన ఫొటో ఎచ్ సెట్లు (పల్చటి లోహపు రేకులో చేసిన చిన్న చిన్న ముక్కలు) మాత్రం ఇప్పుడే కొనకండి, అమ్మేవాణ్ని నేనే చెప్తున్నా.

పూర్తయిన మోడళ్లు కొరియర్‌లో పంపను, మీరే వచ్చి తీసుకెళ్లాలి, బైక్ మీద వస్తే ఇవ్వను. ఆర్కే బీచ్‌లో పెట్టిన నౌకాదళ విమానం టీయూ-142ని 1/72లో అడిగిన విశాఖ ఆయనకి ప్రత్యేకంగా: అది రెక్కలతో 70 సెంటీమీటర్ల వెడల్పు, పొడవు ఇంకాస్త ఎక్కువే, అందుకని రెక్కలు ఇత్తడి గొట్టాల మీద నిలబడి ఊడదీయడానికి వీలుగా చేస్తున్నా. అయినా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తే బుక్ చేసుకోండి సార్, కింద బెర్తు అయితే ఎవరో ఒకరు వచ్చి డబ్బా మీద కూర్చుంటారు.